చేపలు నాలుగు రోజులు బతకాలని రూలే చెబుతోంది, ఆ పరీక్ష ఎందుకు చేయలేదు?

కాలుష్య నియంత్రణ అధికారులకు, మత్స్య శాఖ అధికారులకు, వరంగల్ చుట్టుపక్కల కాలేజీల్లో జువాలజీ చెప్పే నా తోటి అధ్యాపకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి. మా నాన్న చెరువులో వల వేసి నన్ను చదివించాడు. మా తమ్ముడి ఇల్లు ఇప్పటికీ చేపల మీదే నడుస్తుంది. "సారూ, నువ్వు చదువుకున్నోనివి, జర రాయి" అని మా మత్స్య సహకార సంఘం వాళ్ళు అడిగితే ఇప్పటికి నాలుగు దరఖాస్తులు రాసి ఇచ్చాను. నాలుగింటికీ సరైన జవాబు రాలేదు కాబట్టి ఐదోది అందరూ చదివేలా రాస్తున్నాను.

మొన్న మే చివరి వారంలో ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి మావాళ్ళు చెరువు కాడికి పోయేసరికి అంతా మామూలుగానే ఉంది. పది దాటాక, ఎగువ ఒర్రె వచ్చి చెరువులో కలిసే చోట నురగ కనిపించింది, ఎవరో సబ్బు నీళ్ళు కుమ్మరించినట్టు. పదకొండుకల్లా పరకలు తేలాయి. మధ్యాహ్నానికి రవ్వలు, బొచ్చెలు, బంగారుతీగలు. పొద్దుగూకే వేళకు ఆ మూలన తెల్లటి పొట్టలు తప్ప నీళ్ళు కనపడలేదు. మృగశిర కార్తెకు అప్పటికి పది రోజులు లేదు. ఆ ఒక్క రోజు అమ్మకాన్ని చూసుకుని మావాళ్ళు ఏడాది అప్పులు చేస్తారన్నది మత్స్య శాఖ వారికి నేను చెప్పనక్కర్లేదు.

ఆ ఒర్రెకు రెండు కిలోమీటర్ల ఎగువన ఒక బట్టల అద్దకం యూనిట్ ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. పేరు రాసేంత రుజువు నా దగ్గర లేదు. రుజువు తేవాల్సిన పరీక్ష జరగలేదు. నా బాధంతా అదే.

మీ సిబ్బంది మూడో రోజు వచ్చారు. రావడం వరకు సంతోషం. కాని నీళ్ళు పట్టింది మత్తడి (అలుగు) దగ్గర, అంటే ఒర్రె కలిసే చోటికి పూర్తిగా అవతలి కొసన. ఒక ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టి, ఎండలో నిలబెట్టిన జీపు వెనకాల పెట్టారు. "ఎండలకు ఆక్సిజన్ పడిపోయింది" అని పరీక్షకు ముందే కట్ట మీద చెప్పేశారు. నాలుగు నెలలకు కాగితం వచ్చింది: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత), బీఓడీ, సీఓడీ (నీటిలోని మురికి ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే లెక్కలు) అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయట. ప్రజావాణిలో రెండుసార్లు ఇచ్చిన దరఖాస్తులు తిరిగి తిరిగి అదే కాగితం జిరాక్స్‌తో వచ్చాయి. చివరికి సమాచార హక్కు చట్టం కింద "ఆ నీళ్ళలో చేపలు పెట్టి చూశారా?" అని అడిగితే వచ్చిన జవాబు ఒక్క మాట: లేదు.

ఇది చదివే మామూలు జనం కోసం ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఆరో షెడ్యూల్ ఉంది. ఫ్యాక్టరీ నీళ్ళు వాగులోకో చెరువులోకో వదలాలంటే పాటించాల్సిన సాధారణ హద్దులు అందులో ఉంటాయి. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య, బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250, ఇలా పెద్ద పట్టిక. అదే పట్టికలో ఇంకో వరుస ఉంది: ఏమీ కలపని వ్యర్థజలంలో, నూటికి నూరు పాళ్ళు అదే నీటిలో, 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. పది చేపలు వేస్తే నాలుగు రోజుల తర్వాత తొమ్మిది ఈదుతూ కనపడాలి. ఎలా చేయాలో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 6582 అనే ప్రమాణంలో రాసిపెట్టింది. ఇందులో కోట్ల రూపాయల మెషీన్ ఏదీ లేదు. గాజు తొట్లు, గాలి పంపు, థర్మామీటర్, ఆక్సిజన్ మీటర్, ఓపిక ఉన్న ఒక మనిషి చాలు.

నాలుగు రోజుల్లో అయ్యే పరీక్ష చేయకుండా, చేయలేదని చెప్పడానికి నాలుగు నెలలు దాటింది. ఎక్కువ మాటలు పెంచను. విషయాలు వరుసగా పెడుతున్నాను.

1. ఆక్సిజన్ సంగతి. ఎండాకాలం ఆక్సిజన్ తగ్గి చేపలు చావడం మాకు తెలియని సంగతి కాదు, తాతల నాటి నుంచీ చూస్తున్నదే. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతుంది, 35 డిగ్రీలకు అది 7 దగ్గరికి దిగుతుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ లాగుతుంది. అందుకే అలాంటి చావు తెల్లవారుజామున వస్తుంది. చేపలు ముందు పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తాయి. పెద్ద చేపలు ముందు పోతాయి. ఎండెక్కి నాచు పని మొదలుపెడితే కొంత తేరుకుంటాయి. మా చెరువులో జరిగింది దీనికి పూర్తి తలకిందులు. చావు మొదలైంది పదకొండు గంటలకు, ఎండ మంచి జోరు మీద ఉన్నప్పుడు. ముందు పోయింది చిన్న పరకలు. అన్నిటికంటే ముఖ్యం, కొర్రమీనులు చచ్చాయి, మార్పు చేపలు చచ్చాయి. ఈ రెండూ పైకొచ్చి గాలి పీల్చుకునే జాతులు. బురదలో కూడా బతికే కొర్రమీను ఆక్సిజన్ తగ్గి చచ్చిందంటే మా ఊళ్ళో ఆరో తరగతి పిల్లవాడు నవ్వుతాడు. మన రాష్ట్ర చేప కదా, దాని సంగతైనా కాస్త తెలిసి ఉండాలి. నత్తలు, కప్పలు కూడా తేలాయి. ఇవన్నీ ఫోటోలు తీసి మొదటి దరఖాస్తుకే జత చేశాం.

2. మా బకెట్ల సంగతి. ఆ సాయంత్రమే నేను ఇంటి వరండాలో మూడు బకెట్లు పెట్టాను. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో చెరువు నడిమధ్య నీళ్ళు, మూడోదాంట్లో నురగ ఉన్న ఒర్రె నీళ్ళు. హన్మకొండలో అక్వేరియం షాపు నడిపే మా పాత స్టూడెంట్ దగ్గర గాలి పంపులు అడిగి తెచ్చి మూడింటికీ పెట్టాను, మళ్ళీ ఎవరూ ఆక్సిజన్ పేరు ఎత్తకుండా. పక్క ఊరి కుంట నుంచి తెచ్చిన బంగారుతీగ పిల్లలు తలా పది. ఒర్రె నీళ్ళలో పదీ రాత్రి పన్నెండులోపే పోయాయి. చెరువు నీళ్ళలో నాలుగు రోజుల్లో ఆరు. బోరు నీళ్ళలో ఒకటి. నేను మాస్టర్ని, నా తప్పులు నేనే చెబుతాను: ఒక్కోదానికి ఒక్క బకెట్టే పెట్టాను, పిల్లల్ని కొన్నాళ్ళు తొట్టిలో అలవాటు చేయలేదు, పీహెచ్ కాగితం తప్ప మీటర్ లేదు. అంతర్జాతీయంగా వాడే ఓఈసీడీ 203 పద్ధతిలో, మామూలు నీళ్ళ తొట్టిలో పదో వంతుకు మించి చేపలు చస్తే ఆ పరీక్షే చెల్లదు. నా బోరు బకెట్ సరిగ్గా ఆ గీత మీద నిలబడింది. కోర్టులో ఇది రుజువు కాదని నాకు తెలుసు. కాని వరండాలో ఒక ముసలోడు చేయగలిగింది, లేబొరేటరీ ఉన్నవారు ఎందుకు చేయలేకపోయారో నాకు అర్థం కాలేదు.

3. "ఎల్‌సీ 50 కంటే తక్కువే ఉంది" అన్న మాట. మీలో ఒకాయన నాతో ఫోన్లో మర్యాదగానే మాట్లాడారు. యూనిట్‌లో వాడేది బట్టను తడిపే సబ్బు జాతి రసాయనమనీ, దాని కాగితంలో ఎల్‌సీ 50 లీటరుకు 8 మిల్లీగ్రాములని ఉందనీ, చెరువులో 3 కూడా లేదనీ, కాబట్టి భయం లేదనీ అన్నారు. అయ్యా, ఎల్‌సీ 50 అంటే నాలుగు రోజుల్లో సగం చేపలు చచ్చే మోతాదు. అది భద్రత గీత కాదు, సగం చావు గీత. ఊళ్ళో సగం మంది పోయే జ్వరానికి కొంచెం తక్కువ జ్వరం వచ్చిందంటే అందరూ బాగున్నారని ఎవరైనా అంటారా? యూరప్‌లో ఇలాంటి కొద్దిరోజుల పరీక్షల లెక్కలే చేతిలో ఉంటే, వాటిలో అన్నిటికంటే తక్కువ అంకెను 1000తో భాగించి మరీ హద్దు వేస్తారు. మనం భాగించకపోగా దాన్నే హద్దు అనుకుంటున్నాం. పైగా ఆ 3 మిల్లీగ్రాములు మూడో రోజున, అవతలి కొసన, ఎండలో ఉడికిన క్యాన్‌లో దొరికినవి. మొదటి రోజు ఒర్రె నోటి దగ్గర ఎంత ఉందో ఎవరికి తెలుసు?

లెక్క ఒకటి చెబుతాను. ఆ యూనిట్ నుంచి బయటికొచ్చిన నీలం డ్రమ్ములు మా ఊళ్ళో పాత సామాన్లలో అమ్మారు. కొందరు వాటిలో నీళ్ళు పట్టుకుంటున్నారు, అది ఇంకో కథ. ఒక డ్రమ్ము మీద ఆకులు రాలిన చెట్టు, పక్కన వెల్లకిలా పడ్డ చేప బొమ్మ ఇంకా ఉంది. నీటి జీవులకు బాగా ప్రమాదమని దాని అర్థం. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము, అంతకన్నా తక్కువ మోతాదుకే చంపే రసాయనాలకు అంతర్జాతీయ లేబుల్ పద్ధతిలో ఈ బొమ్మ తప్పనిసరి. అలాంటిది 200 కిలోల డ్రమ్ము ఒక్కటి పారితే 20 కోట్ల లీటర్ల నీటిని ఆ మోతాదుకు తెస్తుంది. యాభై ఎకరాల్లో మీటరు లోతు నీళ్ళు అంటే దాదాపు అంతే. ఎండాకాలం మా చెరువు కూడా అంతే.

4. లేబొరేటరీ నీళ్ళు వేరు, మా నీళ్ళు వేరు. నా తోటి అధ్యాపకులు ఇది కాస్త నిదానంగా చదవాలి. రసాయనాల కాగితాల్లో ఉండే అంకెలు ఎక్కువగా శుభ్రమైన నీటిలో, ఒకే రసాయనంతో, 25 డిగ్రీలు దాటని చోట వచ్చినవి. మా చెరువులో మే నెలలో నీళ్ళు 30 పైనే ఉంటాయి. ఊరి మురుగు కూడా అందులోనే కలుస్తుంది, అది మా తప్పే, ఒప్పుకుంటాం. మురుగులో అమ్మోనియా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే ఆ అమ్మోనియాలో చేపను చంపే రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే నలభై వంతులు దాటుతుంది. అద్దకం నీళ్ళలో కాస్టిక్ సోడా, సోడా యాష్ ఉంటాయి, అవి పీహెచ్‌ను పైకి లేపుతాయి. అంటే ఫ్యాక్టరీ నీళ్ళు విడిగా పరీక్షలో పాస్ కావచ్చు, ఊరి మురుగు విడిగా పాస్ కావచ్చు, రెండూ కలిసిన మధ్యాహ్నం పూట చెరువు మొత్తం ఫెయిల్ కావచ్చు. పీహెచ్ 9 లోపే ఉందని మీ కాగితం గర్వంగా రాసింది. ఆ 9 దగ్గరే మా చేపలు చచ్చే అమ్మోనియా తయారవుతుంది.

చేప ఎంపిక ఇంకో తిరకాసు. మన దగ్గర విషప్రభావం మీద చేసే ప్రయోగాల్లో చాలా వాటికి మట్టగిడసను వాడతాం. దొరుకుతుంది, గట్టిది, తొట్టిలో తేలిగ్గా బతుకుతుంది. నేనూ స్టూడెంట్లతో దాన్నే వాడించాను. కాని గాలి పీల్చుకునే గట్టి చేప మీద వచ్చిన అంకె రవ్వ పిల్లకు ఎలా సరిపోతుంది? చెరువులో సర్కారు పోసేది బొటనవేలంత పిల్లల్ని. వానాకాలంలో పోస్తారు. ఎగువన ఎవరైనా తొట్లు ఖాళీ చేయాలనుకుంటే చూసుకునేదీ ఆ వానలనే.

5. మనుషుల సంగతి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని దాచను. ఆ రోజు మధ్యాహ్నం కొన ఊపిరితో ఉన్న చేపల్ని మావాళ్ళలో కొందరు ఏరి, ఆటోలో వేసి, అంగడికి తీసుకుపోయి అమ్మారు. అప్పు ఇచ్చినవాడు ఇంటి ముందు కూర్చుంటే ఎవరికైనా చేయి అటే పోతుంది. తిన్నవాళ్ళకు ఏమైందో మాకు తెలియదు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ పూటే, "ఆ చెరువు చేప తినొద్దు" అని మీరు ఒక్క మైకు చాటింపు వేయించి ఉంటే ఆ పాపం మా మీద పడేది కాదు.

మా చెరువు ఒంటరిది కాదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఇదొకటి. మా మత్తడి దుంకితే నీళ్ళు కింది ఊరి చెరువులోకి, అక్కణ్ణుంచి ఇంకో కుంటలోకి పోతాయి. ఆ జూన్‌లో మా మత్తడి దుంకలేదు, కింది ఊళ్ళు బతికాయి. బర్రెలు ఇవే నీళ్ళు తాగుతాయి. చాకలి వాళ్ళు మోకాళ్ళ లోతు నిలబడి ఇక్కడే బట్టలు ఉతుకుతారు. ఇద్దరు ఆడవాళ్ళకు కాళ్ళ మీద దద్దుర్లు వచ్చాయి. వానకు ముందు లేవు, తర్వాత వచ్చాయి. అంతకు మించి నేనేమీ అనను. బతుకమ్మలు నిమజ్జనం చేసేదీ ఈ నీళ్ళలోనే.

ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఆ యూనిట్‌లో మా ఊరి పిల్లలు పని చేస్తున్నారు. మా తమ్ముడి కొడుకే నెల జీతం తెస్తున్నాడు. మూసేయమని మేము అడగడం లేదు. మూయమని అడిగేవాళ్ళు మా సంఘంలో కూడా ఉన్నారు, వాళ్ళతో నేను తగువు పడే ఈ లేఖ రాస్తున్నాను.

మేము అడిగేవి ఇవి.

1. ఆ యూనిట్ నీళ్ళు బయటికొచ్చే చోట, చెప్పాపెట్టకుండా ఒక రోజు వచ్చి నమూనా తీయాలి. వాన పడ్డ మర్నాడు అయితే ఇంకా మంచిది. 1974 జల కాలుష్య చట్టం చెప్పినట్టు యూనిట్ మనిషి ఎదుటే రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకోవాలి. మా సంఘం నుంచి ఒకరిని పక్కన నిలబడనివ్వాలి. ముట్టుకోం, చూస్తాం.

2. ఆ నమూనాను చల్లగా ఉంచి, ఒకటి రెండు రోజుల్లోనే 96 గంటల చేపల పరీక్ష మొదలుపెట్టాలి. మామూలు నీళ్ళ తొట్టితో పాటు మా చెరువు నీళ్ళు కలిపిన తొట్టి కూడా పెట్టాలి, 30 డిగ్రీల దగ్గర ఇంకొకటి. ప్రమాణంలో చెప్పిన గీతల చేపతో (జీబ్రాఫిష్) చేయండి, వద్దనం. దానికి తోడు రవ్వ పిల్లలతో కూడా చేయండి. పిల్లలు మేమిస్తాం.

3. 24, 48, 72, 96 గంటలకు ఎన్ని చచ్చాయి, ఆ వేళ పీహెచ్, అమ్మోనియా, ఆక్సిజన్ ఎంతెంత అన్నది తెలుగులో రాసి గ్రామపంచాయతీ బోర్డు మీద అంటించాలి. "పరిమితుల్లో ఉంది" అన్న ఒక్క వాక్యం మాకు చాలదు.

4. చేపలు చచ్చాయని ఫోన్ వస్తే 24 గంటల్లో వచ్చి, ఒర్రె నోటి దగ్గర, నడిమధ్య, మత్తడి దగ్గర మూడు చోట్లా నీళ్ళు పట్టాలి. చచ్చిన చేపల మొప్పలు కూడా తీసుకుపోవాలి. మొప్పలు కుళ్ళాక ఏమీ తెలియదు.

5. జువాలజీ అధ్యాపకులారా, ఇది మీకు. మీ ల్యాబుల్లో తొట్లు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, ప్రాజెక్టుల కోసం వెతుక్కునే పిల్లలు ఉన్నారు. చేపల్ని ఊరికే చంపడం ఇష్టం లేదంటారా, నాకూ లేదు. 2013లో వచ్చిన ఓఈసీడీ 236 పద్ధతి ఉంది, గీతల చేప గుడ్లలోని పిండాల మీద అదే 96 గంటలు చేస్తారు. అది నేర్చుకోండి, నేర్పండి. అధికారులు మిమ్మల్ని అడగాలి, అడగకపోతే మీరే ముందుకు రావాలి. మీ అంకెలు పత్రికలో పేపర్‌గా అచ్చయ్యే ముందు మా ఊరి బోర్డు మీదికి రావాలి.

6. మృగశిర ముందు పోయిన చేపలకు పరిహారం మీద తేల్చాలి. పరీక్ష చేయనందువల్ల కారణం తేలలేదు, కారణం తేలనందువల్ల పరిహారం లేదు అని మమ్మల్ని గానుగెద్దులా తిప్పొద్దు.

96 గంటల పరీక్షతో అంతా తెలిసిపోతుందని నేను అనడం లేదు. నాలుగు రోజులు బతికిన చేప ఆరు నెలలకు గుడ్లు పెడుతుందో లేదో అది చెప్పదు. ఫినాల్ లాంటివి చేప చావకుండానే మాంసానికి మందు వాసన పట్టిస్తాయి, అంగడిలో వాసన చూసి వెనక్కి పడేస్తారు. అవన్నీ తర్వాతి మెట్లు. మొదటి మెట్టే ఎక్కనివారితో పైమెట్ల గురించి ఇప్పుడు మాట్లాడను.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో నమూనా తీసే తేదీ చెప్పకపోయినా ఫరవాలేదు, చెప్పకుండా రమ్మనే కదా అడుగుతున్నాం. వచ్చినట్టు ఆనవాలు చాలు. అది కూడా లేకపోతే మా సంఘం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళాలని తీర్మానం రాసి పెట్టుకుంది.

వచ్చేటప్పుడు మూత బిగుసుకునే గాజు సీసాలు, ఒక థర్మాకోల్ డబ్బా తెచ్చుకోండి. ఐసు మాత్రం తేనక్కర్లేదు. చేపలోళ్ళ ఊరు, ఎంత కావాలంటే అంత ఇస్తాం.

ఇట్లు,
మత్స్య సహకార సంఘం సభ్యుల తరఫున,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
వరంగల్ ప్రాంతం